కోసేసిన మాట

ఆవిరి ఇస్త్రీ యంత్రం మూత లేపగానే ఉడుకుగాలి మొహాన కొట్టింది. ఇస్త్రీ అక్క అలవాటుగా ఊపిరి బిగబట్టి, దుప్పటి లాగి మడిచి, ఇంకోటి పరిచి మూత దించింది. హోటల్లో ఏదో పెద్ద సమావేశం ముగిసి గదులన్నీ ఒక్కసారే ఖాళీ అయ్యాయి. లాండ్రీలో పక్క యంత్రం మొన్నటి నుంచీ మూలుగుతూ ఇవాళ పూర్తిగా మూలపడింది. రెండు యంత్రాల పనీ ఆమె మీదే పడింది. జీతం మాత్రం ఒక మనిషిదే.

సూపర్‌వైజరు ఫోను చూసుకుంటూ వచ్చాడు.

"అక్కా, టీవీలో నీ సిరీస్ మళ్ళీ చూశాం నిన్న. మా ఆవిడ ఏడుపే ఏడుపు. మీ తమ్ముణ్ణి జైలుకి తీసుకెళ్తుంటే నువ్వు వ్యాను వెనక పరిగెత్తే సీను ఉంది చూడు, అబ్బ! గుండె పిండేసిందనుకో."

"నేను పరిగెత్తలేదు సార్. ఆ రోజు నన్ను కోర్టు లోపలికే రానివ్వలేదు. అది వాళ్ళు కల్పించింది."

"అయినా భలే ఉందిలే. అన్నట్టు ఈ దుప్పట్లన్నీ చీకటి పడేలోగా పైకి వెళ్ళాలి. ఆఁ, వెనక గుమ్మం దగ్గర ఎవరో ముసలాయన నీకోసం నిలబడ్డాడు. త్వరగా పంపించెయ్."

ఆమె యంత్రం ఆపకుండానే తల తిప్పి చూసింది. గుమ్మంలో, మాసిన బట్టల మూటల మధ్య, మేడ వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు.

చేతిలో ఉన్న దుప్పటి జారిపోయింది.

అతని మాట మీదే ఆమె తమ్ముడికి యావజ్జీవం పడింది. తమ్ముడు ఇళ్ళకి రంగులు వేసేవాడు. వాళ్ళు అద్దెకుండే రేకుల గదుల వరసకి ఎదురుగా ఒక పెద్ద మేడ ఉండేది. అందులో ఒంటరిగా ఉండే ముసలమ్మగారు గదులకి రంగులు వేయించుకుంటూ, పని సగంలో ఉండగా ఒక తెల్లవారుజామున మంచం మీద చచ్చి కనిపించింది. ఎవరో దిండు మొహాన అదిమిపెట్టారు. సాయంత్రానికల్లా పోలీసులు రంగులవాణ్ణి పట్టుకెళ్ళారు. వాచ్‌మన్ బోనెక్కి, "ఆ రాత్రి ఈ అబ్బాయి వెనక గోడ దూకి వెళ్ళడం చూశాను" అన్నాడు. ఆ ఒక్క మాటతో అంతా అయిపోయింది. మేడేమో ఆవిడ కొడుకు చినబాబుకి దక్కింది. వాచ్‌మన్‌కి మేడ పక్కనే పక్కా గది దక్కింది. తమ్ముడికి జైలు దక్కింది. ఆమెకి పెళ్ళి కుదిరినట్టే కుదిరి తప్పిపోయి, ఈ యంత్రం దక్కింది.

ఏళ్ళు గడిచాక సినిమావాళ్ళు వచ్చి ఆ కేసు తవ్వారు. చాలా తప్పులు బయటపడ్డాయి. ముసలమ్మగారి గది కిటికీ గొళ్ళెం మీద ఉన్న వేలిముద్రలు ఎవరివో పోలీసులు అసలు చూడనే లేదట. సిరీస్ ఊరంతా పాకింది. జనం కోర్టు ముందు కొవ్వొత్తులు వెలిగించారు. కేసు మళ్ళీ వింటామని పెద్ద కోర్టు ఒప్పుకుంది. తప్పుడు సాక్ష్యం చెప్పినవాడే చంపి ఉంటాడని అదే జనం వాచ్‌మన్ గది గోడ మీద ఎర్రరంగుతో 'హంతకుడు' అని రాశారు. ఆ గోడ ఫొటో ఎవరో ఇస్త్రీ అక్క ఫోనుకి పంపారు. అన్నం తింటూ చూసుకునేది. బస్సులో చూసుకునేది. చూసిన ప్రతిసారీ కడుపులో చల్లగా ఉండేది.

ఇప్పుడు ఆ మనిషే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. బాగా వంగిపోయాడు. చొక్కా భుజం మీద కోడిగుడ్డు సొన ఎండి అట్టకట్టింది.

"అమ్మా..." అన్నాడు.

"అక్కడే నిలబడు. లోపలికి రాకు."

"నువ్వొక్క మాట చెప్పమ్మా ఆ టీవీవాళ్ళకి. నేను చంపలేదని చెప్పు చాలు. బయట కాలు పెట్టనివ్వట్లేదు. మా అమ్మాయి కుట్టుమిషను మూలపెట్టింది, ఒక్కళ్ళూ గుడ్డముక్క తేవట్లేదు. హంతకుడి కూతురు కుట్టిన జాకెట్లు వేసుకుంటామా అంటున్నారు."

ఆమెకి నవ్వొచ్చింది. నిజంగానే నవ్వింది.

"హంతకుడి అక్క ఇస్త్రీ చేసిన బట్టలు మాకొద్దని నన్ను ఎన్ని ఇళ్ళలో మానిపించారో తెలుసా నీకు? ఒకప్పుడు నిన్ను బాబాయ్ అని పిలిచేవాడు మా తమ్ముడు. వాడి క్యారియర్‌లో సగం నువ్వే తినేవాడివి. ఎంత నమ్మకంగా చెప్పావు గోడ దూకాడని!"

"దూకాడమ్మా. రోజూ దూకేవాడు. అమ్మగారు చీకటి పడితే ముందు గేటు తాళం తీయనిచ్చేది కాదు కదా, పనివాళ్ళంతా ఆ గోడ మీంచే పోయేవాళ్ళు. ఇన్‌స్పెక్టరుకి అదే చెప్పాను. 'వెనక గోడ దూకి వెళ్ళాడు' అనగానే, 'చాలు, ఆపు' అన్నాడు. రోజూ అలాగే వెళ్తాడు సార్ అని చెప్పబోయాను. చాలన్నానా అని లాఠీ బల్ల మీద కొట్టాడు."

"కోర్టులో లాఠీ లేదుగా?"

వాచ్‌మన్ నేల చూశాడు.

"లేదు. కోర్టుకి ముందురోజు చినబాబు గది తాళంచెవి ఇచ్చాడు. అడిగినంత వరకే చెప్పు, నీ పిల్ల నెత్తి మీద కప్పు ఉంటుందన్నాడు. మా ఆవిడ పోయిన కొత్త. పిల్ల చిన్నది..."

ఆవిరి బుస్సుమంది. ఆమె మెల్లగా మూత పైకెత్తింది. ఆ ఉడుకు మధ్యలో ఇతని మొహం పెట్టి మూత దించితే ఎలా ఉంటుందని, ఒక్క క్షణం, చాలా స్పష్టంగా అనుకుంది.

"పో" అంది. "నీ గోడ మీద ఆ అక్షరాలు చెరిగిపోతే మళ్ళీ నేనే వచ్చి రాస్తాను. పో ఇక్కణ్ణించి."

మర్నాడు సెలవు పెట్టి షూటింగుకి వెళ్ళింది. రెండో భాగం తీస్తున్నారు. ఒక పెద్ద గోదాములో ఆమె పాత రేకుల గదిని అచ్చం అలాగే కట్టారు. గోడకి పెచ్చులు కూడా ఊడగొట్టారు. కాకపోతే ఈ గదికి కిటికీ ఉంది. అసలు గదికి కిటికీ ఉంటే అద్దె ఎక్కువయ్యేది.

డైరెక్టరమ్మ చిన్న వయసుది, చురుకైన మనిషి. తమ్ముడి కేసు కాగితాలు ఆమె చదివినంతగా వాడి తరఫు లాయరు కూడా చదవలేదు. ఆమె అంటే ఇస్త్రీ అక్కకి గౌరవమే.

"అక్కా, జనం అడుగుతున్నది ఒక్కటే. మీ తమ్ముడు కాకపోతే మరెవరు? దానికి మనం ఏదో ఒకటి చూపించాలి. ఆ తెల్లవారుజామున నీళ్ళకి వెళ్ళినప్పుడు వీధికుళాయి దగ్గర వాచ్‌మన్‌ని చూశానన్నారు మీరు, గుర్తుందా? చేతులు కడుక్కుంటున్నాడని చెప్పారు."

"అవును. కారు కడిగి చేతులు కడుక్కుంటున్నాడు. రోజూ ఆ వేళకి, మేడలోనే ఉంచే చినబాబు కారు కడిగేవాడు."

"కారు సంగతి వదిలెయ్యండి. చేతులు కడుక్కోవడం చూశారా లేదా? చూశారు. అంతవరకు చెప్పండి చాలు. అబద్ధం చెప్పమనట్లేదు కదా."

"మరి చినబాబు? మేడ దక్కింది ఆయనకి కదమ్మా. ఆయన్ని ఎందుకు చూపించరు?"

డైరెక్టరమ్మ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"మాకూ అనుమానమే అక్కా. కానీ ఆయన పేరెత్తితే చానల్ మీద దావా వేస్తాడు. వాళ్ళ లాయర్లు ఇప్పటికే నోటీసు పంపారు."

"వాచ్‌మన్ వెయ్యలేడు."

"అది కాదు అక్కా..."

"ఏం ఫరవాలేదు, చెప్తాను పదండి" అంది ఇస్త్రీ అక్క.

నిజంగానే చెబుదామనుకుంది. రాత్రంతా అదే నెమరేసుకుంది. ఒక్క మాట చాలు, వాచ్‌మన్ బతుకు బుగ్గి. గోడ మీద రాతలతో ఆగదు, పోలీసులు వస్తారు, వ్యాను ఎక్కిస్తారు, కూతురు వెనక పరిగెడుతుంది. ఆ పరుగుని ఎవరూ కల్పించనక్కర్లేదు.

లైట్లు వేశారు. మైకు చీర అంచుకి తగిలించారు. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని, తడబడకుండా మొదలుపెట్టింది.

"ఆ రోజు ఇంకా తెలవారలేదు. బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాను. అక్కడ వాచ్‌మన్ ఉన్నాడు. వంగి, చేతులు కడుక్కుంటున్నాడు. మోచేతుల దాకా కడుక్కుంటున్నాడు."

డైరెక్టరమ్మ కళ్ళు మెరిశాయి.

"చాలు" అంది మెల్లగా. "చాలు అక్కా. అద్భుతంగా వచ్చింది."

ఆ 'చాలు' వినగానే ఇస్త్రీ అక్క వీపు మీద ఎవరో చన్నీళ్ళు పోసినట్టయింది. ఇన్‌స్పెక్టరు కూడా ఇలాగే సంతోషపడి ఉంటాడు. వాడికీ కావలసిన ముక్క దొరికి ఉంటుంది. మిగతాది కోసి పారేసి ఉంటాడు.

వాచ్‌మన్ మీద జాలి కలిగిందా అంటే, లేదు. వెతుక్కుంది కూడా, ఎక్కడా దొరకలేదు. దానికి బదులు ఇంకోటి తట్టింది. కొత్త లాయరు మొన్ననే చెప్పాడు: టీవీలో వచ్చింది కోర్టుకి పనికిరాదు, ఆ వాచ్‌మనే మళ్ళీ బోనెక్కి పూర్తిగా చెబితే తప్ప నీ తమ్ముడు బయటికి రాడు అని. పోయినసారి జైల్లో ఇనుప జాలీ అవతల నుంచి తమ్ముడు అడిగిందీ అదే. ఒకప్పుడు గోళ్ళ సందుల్లో రంగు వదలని చేతులవి. తెల్లగా పాలిపోయిన ఆ వేళ్ళతో జాలీ పట్టుకుని, "వాడు చెప్తాడా అక్కా?" అన్నాడు.

హత్యానేరం మీద పడ్డవాడు నోరు తెరుస్తాడా? తెరిచినా వాడి మాట ఎవరు నమ్ముతారు? ఇన్‌స్పెక్టరు హాయిగా ఉంటాడు. చినబాబు ఇంకా హాయిగా ఉంటాడు.

"చాలదు" అంది ఇస్త్రీ అక్క. "ఇంకా ఉంది. కారు కడిగి, చేతులు కడుక్కుంటున్నాడు. రోజూ కడిగేవాడు. అది కూడా వెయ్యండి."

"అక్కా, అది ఉంటే ఇక ఈ సీనుకి అర్థమే లేదు. తర్వాత తీసేస్తాం."

"అయితే మొత్తం తీసెయ్యండి. వాడుకోవచ్చని సంతకం పెట్టమన్నారుగా, పెట్టను." చీర అంచు నుంచి మైకు పీకి కుర్చీ మీద పెట్టింది.

డైరెక్టరమ్మకి నిజంగా అర్థం కాలేదు. "మీ తమ్ముడి బతుకు నాశనం చేసినవాణ్ణి మీరు కాపాడుతున్నారా?"

"కాపాడటమా!" ఇస్త్రీ అక్క గొంతు గోదాము గోడలకి తగిలింది. "వాణ్ణి తలుచుకోకుండా ముద్ద మింగలేదమ్మా నేను. చంపేంత కసి ఉంది నాకు. కానీ వాడు చస్తే నాకేం వస్తుంది? నాకు వాడి నోరు కావాలి. ఏ నోటితో మా వాణ్ణి లోపలికి తోశాడో ఆ నోటితోనే చెప్పాలి. ఇన్‌స్పెక్టరు పేరు చెప్పాలి, తాళంచెవి ఎవరిచ్చారో చెప్పాలి. వాళ్ళిద్దరూ కోర్టులో నిలబడి వినాలి. నేను ముందు వరసలో కూర్చుని వాళ్ళ మొహాలు చూడాలి. మీ సినిమాలో పైవాళ్ళు ఎప్పుడూ లేరు, కింద వాళ్ళమే ఒకళ్ళనొకళ్ళం పొడుచుకుంటున్నాం. అది చూపించే ధైర్యం ఉంటే రండి, ఎన్ని రోజులైనా కూర్చుంటాను."

లైట్లు పట్టుకున్న మనిషి ఒకడు ఆమెకి దారి ఇచ్చి పక్కకి జరిగాడు.

బస్సు దిగి తిన్నగా మేడ దగ్గరికి నడిచింది. తమ్ముడికి శిక్ష పడి గది ఖాళీ చేసిన తర్వాత ఆ వీధిలోకి ఆమె అడుగుపెట్టలేదు. రేకుల గదులు పోయి అక్కడ కార్లు పెట్టుకునే షెడ్డు వచ్చింది. వాచ్‌మన్ గది ముందు నలుగురైదుగురు ఫోన్లతో నిలబడి గోడని ఫొటోలు తీసుకుంటున్నారు. ఆమెని గుర్తుపట్టి, "అక్కే! ఆ అక్కే!" అన్నారు. ఒకడు ఉత్సాహంగా రాయి తీసి ఆమె చేతికే ఇవ్వబోయాడు. వాడివైపు ఆమె చూసిన చూపుకి రాయి తనంతట అదే కింద పడింది.

తలుపు తట్టింది. వాచ్‌మన్ కూతురు తీసింది. ఆ అమ్మాయి వెనక కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది.

"మీ నాన్నని పిలు."

వాచ్‌మన్ చీకట్లోంచి వచ్చాడు. ఆమెని చూసి గోడకి ఆనుకున్నాడు.

"చెప్పావా అమ్మా టీవీవాళ్ళకి? ఏం చెప్పావు?"

"ఉన్నది చెప్పాను. ఆ తెల్లవారుజామున కుళాయి దగ్గర నువ్వు కడుక్కున్నది కారు కడిగిన చేతులేనని చెప్పాను."

అతని మొహం విచ్చుకుంది. చేతులు జోడించి, "నువ్వు చల్లగా ఉండాలమ్మా..." అంటూ ఆమె కాళ్ళ మీదికి వంగబోయాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"నా కాళ్ళు ముట్టుకోకు. నిన్ను క్షమించడానికి రాలేదు, ఎప్పటికీ క్షమించను. లాయరు ఆఫీసులో ఉన్నాడు, నడు. రోజూ దూకేవాడని చెప్పు. తాళంచెవి సంగతి చెప్పు. కోర్టులోనూ అదే చెప్పు."

"చినబాబు బతకనిస్తాడా? ఈ గది ఆయనది. సాయంత్రానికి సామాను వీధిలో ఉంటుంది. ఈ వయసులో పిల్లని పెట్టుకుని ఎక్కడికి పోనమ్మా?"

"మా తమ్ముడు ఎక్కడ ఉంటున్నాడో ఒక్కరోజైనా అడిగావా?"

అతను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. కాదంటున్నాడో, అడగలేదంటున్నాడో తెలియలేదు.

కూతురు ఇంతసేపూ తలుపు పట్టుకుని వింటోంది. "ఏ తాళంచెవి నాన్నా?" అంది. అతను తలుపుకి వేలాడే తాళం వంక చూశాడు. ఆ అమ్మాయి గది నాలుగు గోడలూ ఒకసారి కలయజూసింది. పైకప్పు వంక చూసింది. చూసి, "నేనిక్కడ ఉండను" అంది, గట్టిగా ఏమీ కాదు. లోపలికి వెళ్ళి తండ్రి చెప్పులు తెచ్చి, గుమ్మం అవతల, వీధివైపు తిప్పి పెట్టింది.

మేడ మీద ఎవరో కిటికీ తెరిచారు. వాచ్‌మన్ ముందు కిటికీ వంక చూశాడు, తర్వాత చెప్పుల వంక చూశాడు. ఇస్త్రీ అక్క కదలలేదు, చెయ్యి అందించలేదు. గడప లోపల అతని పాదం కొద్దిగా లేచింది.