రెండో చెవి లోలాకు

మా ఆవిడ ఒక చెవికి లోలాకు చేసిపెట్టి, రెండో చెవిది చెయ్యకుండానే వెళ్లిపోయింది. మా అమ్మాయి కోసం చేసిన లోలాకు అది. కాగితంతో చేసింది.

కాగితమే కదా అని తీసిపారెయ్యకండి. నేను సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అచ్చు సరిగా పడని పటాలు అక్కడ చిత్తుకాగితాల కింద పోయేవి. అవి నేను ఇంటికి తెస్తే ఆవిడ పొడుగాటి త్రికోణాలుగా కత్తిరించేది. ఒక అంచు నిటారుగా, ఇంకో అంచు ఏటవాలుగా ఉండేది. వెడల్పు చివర నుంచి మొదలుపెట్టి టూత్‌పిక్ చుట్టూ బిగువుగా చుట్టి, కొసకు జిగురు అద్ది, పైన రంగులేని నెయిల్ పాలిష్ పూసేది. ఆరిన తరవాత ముట్టుకుంటే నున్నటి గాజుపూసలా ఉండేది. పటంలోని కొండల గీతలు గోధుమరంగు చారలయ్యేవి. నదులు నత్తగుల్ల మీద మెలికల్లా పైనుంచి కిందికి తిరిగేవి.

ఇదంతా సరదాకి మొదలుపెట్టిన పని కాదు. ఏ లోహం తగిలినా మా అమ్మాయి చెవులు ఎర్రబడి పుండు పడతాయి. దాని ఈడు పిల్లలు బజారులో లోలాకులు కొనుక్కుంటుంటే, వాళ్లమ్మ ప్లాస్టిక్ కొక్కేలకు కాగితపు పూసలు గుచ్చి ఇచ్చింది. అది పెద్దదై, వినపడని పిల్లల బడిలో ఉద్యోగంలో చేరింది. ఒకరు నోటితో చెప్పేది పిల్లలకు సైగల భాషలో చెప్పడం దాని పని. ఆ పనికీ ఈ లోలాకులే కుదిరాయి. లోహంలా తళుక్కుమనవు, చప్పుడు చెయ్యవు, చూసేవాళ్ల కళ్లు చేతుల మీద నుంచి పక్కకు పోవు.

"ఏదో ఒకరోజు నువ్వు పెద్ద హాల్లో స్టేజి ఎక్కుతావు. ఆ రోజుకి నదీ పటంతో చేస్తానే నీకు" అనేది ఆవిడ. ఒక చెవిది చేసింది. తరవాత జబ్బు చేసింది.

ఆవిడ పోయాక అమ్మాయి తన పాత లోలాకులన్నీ ఒక రేకుడబ్బాలో సర్ది బీరువాలో పెట్టేసింది. ఎందుకమ్మా అంటే, "చెమటకి రంగు పోతుంది నాన్నా. పోతే మళ్లీ ఎవరు చేస్తారు?" అంది. అప్పటి నుంచి దాని చెవులు బోసిగానే ఉన్నాయి.

పోయిన నెల అమ్మాయి బడి నుంచి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా, "నాన్నా, ఊళ్లో పెద్ద హాల్లో మా పిల్లల వార్షికోత్సవం. సాయంత్రమంతా స్టేజి మీద నేనొక్కదాన్నే చెప్పాలి" అంది. కళ్లు వెలుగుతున్నాయి. చెయ్యి మాత్రం తనకు తెలియకుండానే ఖాళీ చెవి తమ్మెను తడుముతోంది. మర్నాడు అది బడికి వెళ్లగానే బీరువా తెరిచి ఆ డబ్బా కిందికి దించాను. వాళ్లమ్మ మాట సగంలో ఆగకూడదు. స్టేజి ఎక్కేటప్పటికి రెండు చెవులకీ నదీ పటం ఉండాలి.

పాత న్యూస్‌పేపరు మీద సాధన మొదలుపెట్టాను. మొదటి పూస టూత్‌పిక్ తియ్యగానే స్ప్రింగులా విచ్చుకుని బల్ల కిందకి దూకింది. రెండోది టూత్‌పిక్‌కే అతుక్కుపోయి రానంది. ఆ తరవాతిది నా బొటనవేలికి అతుక్కుంది. సరిగ్గా ఆ సమయానికి మా మరదలు వచ్చింది. మా ఆవిడకి సొంత చెల్లెలు. మా వీధి చివర టైలరింగ్ షాపు నడుపుతుంది. మెడలో టేపు తియ్యకుండానే ఊరంతా తిరుగుతుంది.

"ఏమిటి బావగారూ, ఈ వయసులో చుట్టలు చుట్టడం మొదలుపెట్టారా?"

"చుట్ట కాదు. పూస."

"ఇది పూసా? దీన్ని పూస అన్నారని తెలిస్తే అక్క పైనుంచి దిగొస్తుంది."

"రానీ. నాక్కావలసిందీ అదే."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "వస్తే ముందు మీ చొక్కాకంటిన జిగురు చూసి తిడుతుంది. తరవాతే మంచీ చెడూ" అంది. ఆ మాటకు నవ్వొచ్చింది. నన్ను ఓదార్చాలని ఈమె ఎప్పుడూ ప్రయత్నించదు. అది నాకు చేసే పెద్ద ఉపకారం.

"గట్టిగా నలపకండి. బాబిన్‌కి దారం చుట్టినట్టు ఒకే బిగువున లాగండి" అని చెప్పి చేసి చూపించింది. ఆమె చేసిందీ వంకరగానే వచ్చింది. "చెప్పడం వేరు, చెయ్యడం వేరు లెండి" అని లేచి వెళ్లిపోయింది.

రోజూ కూర్చున్నాను. నా వేళ్లకు కలం బరువు అలవాటే కాబట్టి కాగితం త్వరలోనే మాట వినడం మొదలెట్టింది. నున్నటి పూస మొదటిసారి టూత్‌పిక్ మీద నుంచి జారి నా అరచేతిలో పడినప్పుడు, ఎవరికైనా చూపిద్దామని అటూ ఇటూ చూశాను. ఇంట్లో ఎవరూ లేరు. కిటికీ అంచున ఎండలో పెట్టి, టీ తాగుతూ నేనే చాలాసేపు చూసుకున్నాను.

ఇక అసలు పటం తీశాను. డబ్బా అడుగున మడతపెట్టి ఉంది. ఆవిడ చేసిన లోలాకు కోసం కత్తిరించిన చోట త్రికోణపు కంత ఉంది. నీలంగా మిగిలింది దాని పక్కన ఒక్క ముక్క జాగా మాత్రమే. చుట్టూ అంతా కొండలే. ఆ నీలం మీద రెండో ముక్కకు ఆవిడే పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకుంది. కాని ఆ గీత పక్కనున్న కంతకు ఎదురు దిక్కుకు వాలి ఉంది. చివరి రోజుల్లో ఆవిడ చెయ్యి వణికేది. పాపం, ఏటవాలు తప్పిందనుకున్నాను. ఉద్యోగమంతా ఒకరి గీతలు సరిదిద్దుతూ గడిపినవాణ్ణి, కళ్లెదుట తప్పుంటే చెయ్యి ఊరుకుంటుందా? రబ్బరుతో మెత్తగా చెరిపేశాను. కంత కొలతలు పెట్టుకుని, అదే వాలులో, వెంట్రుకవాసి తేడా రాకుండా గీసి కత్తిరించాను.

పూస అచ్చు అలాగే వచ్చింది. ఆవిడ చేసిన పద్ధతిలోనే కింద రెండు చిన్న పూసలు గుచ్చి, కొక్కెం తగిలించి, రెండు లోలాకులూ పక్కపక్కన బల్ల మీద పెట్టాను. ఏది ఎవరిదో నాకే తెలియలేదు. గర్వంతో ఛాతీ పొంగింది. ఉండబట్టలేక టైలరింగ్ షాపుకి వెళ్లి మరదలికిచ్చి పెట్టుకోమన్నాను.

ఆమె పెట్టుకుని షాపులో నిలువుటద్దం ముందు నిలబడింది. "అబ్బో! బావగారూ, ఇన్నాళ్లూ మీ చేతుల్లో ఇంత పనితనం ఎక్కడ దాచారండీ" అంటూ తల ఇటు తిప్పింది. అటు తిప్పింది. నవ్వు మెల్లగా తగ్గింది.

"ఏం? ఏమైంది?"

"ఏం లేదు. బాగున్నాయి."

"బాగుంటే బట్ట తక్కువపడినట్టు ఆ మొహమేమిటి? చెప్పు."

"ఇలా చూడండి. ఈ చెవిలో నది బుగ్గ వైపు దిగుతోంది. ఈ చెవిలో వెనక జడ వైపు పోతోంది. ఒకటేమో ఆఫీసుకి బయల్దేరినట్టుంది, ఇంకోటేమో ఇంటికి తిరిగొస్తున్నట్టుంది."

దగ్గరికెళ్లి చూశాను. నిజమే. బల్ల మీద కవలల్లా ఉన్నవి మొహానికి అటూ ఇటూ చేరగానే ఎడమొహం పెడమొహం పెట్టుకున్నాయి.

"కుడి చెయ్యి, ఎడమ చెయ్యి ఒక్కలా కత్తిరిస్తే జాకెట్టు అవుతుందా? ఇదీ అంతే" అంది మరదలు. నా మొహం చూసి వెంటనే, "అయినా ఎవరు చూస్తారు లెండి. హాల్లో ఎవరైనా చెవులు పట్టుకుని చూస్తారా?" అని సర్దబోయింది.

ఇంటికి వచ్చి డబ్బాలోని పాత లోలాకులన్నీ జతలు జతలుగా పరిచాను. ప్రతి జతా అద్దంలో చూసుకున్నట్టు ఎదురెదురుగా తిరిగి ఉంది. ఒక్క జత కూడా తప్పలేదు. భోజనాల బల్ల దగ్గర అమ్మాయికి ఎప్పుడూ ఒక పక్కనే కూర్చుంటాను. దాని ఒక చెవే చూస్తూ వచ్చాను. వాళ్లమ్మ ఎదురుగా కూర్చునేది. ఆవిడకు రెండూ కనిపించేవి. నేను రబ్బరుతో చెరిపింది తప్పు గీత కాదు, సరైన గీత. వణికే చేత్తో కూడా ఆవిడ వాలు తప్పలేదు. తప్పింది నా దిద్దుబాటు.

బాధ కలగాలి నిజానికి. కాని ఆ జతల వరస చూస్తుంటే నాకు మా ఆవిడ మీద గర్వమే కలిగింది. ఇంత నేర్పు ఇంట్లో పెట్టుకుని, ఏనాడూ ఇదిగో చూడండని అనలేదు.

పటంలో నీలం అయిపోయింది. కొండలతో చేస్తే జత కుదరదు. చేతులు కట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాను. గోడ మీద నుంచి అదే నది నన్ను చూసింది.

అది నేను చేత్తో గీసిన పటం. అచ్చుపటం దాని నుంచే తయారైంది. నేను రిటైరైన రోజు ఆఫీసువాళ్లు దాన్నే బహుమానంగా ఇస్తే, మా ఆవిడ ఫ్రేము కట్టించి హాల్లో అందరికీ కనపడేలా తగిలించింది. ఇంటికెవరొచ్చినా ముందు దాన్ని చూపించేది. "మా ఆయన గీసిందే. ఆ నది మలుపు చూడండి, చెయ్యి ఎత్తకుండా గీశారు" అనేది. కాస్త ఎక్కువే చెప్పేది. మధ్యలో కలం తీసి సిరా ముంచానని నాకు తెలుసు.

స్టూలు వేసుకుని పటం దించాను. వెనక మేకులు పీకాను. స్కేలు పెట్టి, ఈసారి ఎదురు వాలుకు, ఆవిడ గీసినట్టే గీత గీశాను. కత్తెర పెట్టే ముందు చెయ్యి ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు. గోడ మీది పటాన్ని మేము ముగ్గురం చూశాం, వచ్చిపోయేవాళ్లు చూశారు. ఇక అది చూడవలసినవాళ్లు వార్షికోత్సవం రోజు ఆ పెద్ద హాలు నిండా ఉంటారు.

ఈసారి మరదలు షాపులో అద్దం ముందు నిలబడి తల అటూ ఇటూ తిప్పింది. ముక్కు ఎగబీల్చి, "గోడ మీద నుంచి చెవికి దిగారన్నమాట, బావగారూ. ప్రమోషనే" అంది.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం అమ్మాయి తల దువ్వుకుంటుంటే లోలాకులు తెచ్చి అద్దం ముందు పెట్టాను. అది దువ్వెన పక్కన పెట్టేసింది. ముందు ఒకటి, తరవాత రెండోది వేలికి తగిలించుకుని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది.

"ఇది అమ్మ చేసింది" అంది మొదటిది చూపించి. నిజమే.

"ఎలా కనిపెట్టావే?"

"రెండోదాన్లో నీలం గీత చిక్కగా ఉంది. నువ్వు సిరాతో గీసే గీత నాకు తెలీదా?" అని తలెత్తి హాల్లో గోడ వైపు చూసింది. వార్షికోత్సవం హడావిడిలో అప్పటిదాకా గమనించని ఖాళీ మేకు కనిపించింది. "నాన్నా!"

"ముందు పెట్టుకో. కుడిదీ ఎడమదీ తారుమారు చెయ్యకు. దానికో కథుంది, తరవాత చెప్తాను."

పెట్టుకుంది. తమ్మె కన్నం కాస్త పూడుకుపోయి మొదట మొరాయించింది. పెదవి బిగించి నెమ్మదిగా దూర్చింది. రెండు నదులూ రెండు బుగ్గల వైపూ దిగాయి. అద్దంలో చూసుకుంటూ, "పాడైపోతేనో?" అంది చిన్న గొంతుతో.

"పాడైతే మళ్లీ చేస్తాను. పటం ఇంకా చాలా మిగిలింది."

అది నన్ను చూసింది. లేచి బీరువాలో నుంచి డబ్బా తెచ్చి మూత తీసి అద్దం ముందు అందేలా పెట్టుకుంది. రేపటికి ఏవి, ఎల్లుండికి ఏవి అన్నట్టు వేలితో కదిపింది. నాకంతకన్నా ఇంకేం కావాలి?

ఆ సాయంత్రం హాల్లో మూడో వరసలో కూర్చున్నాను. పక్కన మా మరదలు, మెడలో టేపుతో సహా. స్టేజి మీద ఎవరు ఏం మాట్లాడారో నాకు గుర్తులేదు. మా అమ్మాయి చేతులు మాత్రం గుర్తున్నాయి. ఒకాయన ఉపన్యాసంలో చెప్పిందే చెప్పి నలుగురికీ నిద్ర తెప్పిస్తుంటే, దాని వేళ్లు అదే మాటని రకరకాలుగా చెప్పి పిల్లల్ని నవ్వించాయి. తల తిప్పినప్పుడల్లా లోలాకులు చప్పుడు లేకుండా ఊగాయి. అయ్యాక పిల్లలందరూ చేతులు పైకెత్తి గాలిలో ఆడించారు. వాళ్ల చప్పట్లు అవే. నేనూ ఎత్తాను.

"చాలు దించండి బావగారూ. నేల మీద కాళ్లు ఆనడం లేదు మీకు" అంది మరదలు. ఆమె చేతులూ పైనే ఉన్నాయి.

స్టేజి దిగి అమ్మాయి మా దగ్గరికి వచ్చేలోపు ఒక చిన్నపిల్ల దానికి అడ్డం తగిలి, లోలాకుల వైపు వేలు చూపించి ఏదో అడిగింది. మా అమ్మాయి ఒక చెవి ముట్టుకుని ఒక సైగ చేసింది. రెండో చెవి ముట్టుకుని ఇంకో సైగ చేసింది. ఆ భాషలో నాకు తెలిసిన మాటలు కొన్నే. ఆ రెండూ వాటిలో ఉన్నాయి. మొదటిది అమ్మ. రెండోది నాన్న.

ఆ పిల్ల తిరిగి నన్ను పైనుంచి కిందిదాకా తేరిపార చూసింది. తన చెవి తమ్మె లాగి చూపించి, వేలు నా వైపు పెట్టింది. ఇది ఎవరూ తర్జుమా చెయ్యక్కర్లేదు.

"ఏ నది కావాలో అడుగమ్మా" అన్నాను మా అమ్మాయితో.