గడియ పెట్టుకునే పని

“లోపలికి రావచ్చా?” అని మా ఇంట్లో నన్ను ఎవరైనా అడగడం, నేను సబ్బులు చేయడం మొదలుపెట్టాకే విన్నాను.

ఆ గోల మా పాప మొహంతో మొదలైంది. పాప అంటే ఎత్తుకునే పాప కాదు, పదో తరగతి. బుగ్గల నిండా ఎర్రటి దద్దుర్లు. చర్మం డాక్టరు మందు రాసి, సువాసన లేని సబ్బు వాడమన్నాడు. ఒకటి తెస్తే మొహం బిగుసుకుపోతోందంది, ఇంకోటి తెస్తే మంటంది. ఈలోగా అత్తయ్యకు తన సబ్బులో నురగ చాలడం లేదు, మా ఆయనకు తన సబ్బు చేతిలోంచి జారిపోతోంది. ఇంటిల్లిపాది ఒళ్ళూ ఏ సబ్బుకి ఏమంటాయో నాకు కంఠతా వచ్చేసింది. “మరి మీ చర్మం ఎలాంటిదమ్మా?” అని డాక్టరు అడిగితే మాత్రం, “మామూలేనండీ” అన్నాను. చివరికి మా ఆఫీసులో క్యాషియరక్క నా అవస్థ చూడలేక, “ఎందుకీ తిప్పలు, ఇంట్లోనే చేసుకో” అని దగ్గరుండి నేర్పింది.

కొబ్బరినూనె, ఆముదం, నీళ్ళు, కాస్టిక్ సోడా. అంతే సరుకు. నీళ్ళల్లో సోడా పోయాలి గాని సోడా మీద నీళ్ళు పోయకూడదు. పొయ్యి మీద పెట్టకుండానే గిన్నె కాలిపోతుంది, ముక్కు మండే ఆవిరి వస్తుంది. ఒక్క చుక్క ఒంటి మీద పడ్డా తోలు లేచిపోతుంది. అందుకని వంటింటి వెనక గిన్నెలు తోముకునే గదిలో కిటికీ బార్లా తెరిచి, చేతులకు తొడుగులు వేసుకుని, తలుపు గడియ పెట్టుకున్నాను. అది చల్లారాక నూనెల్లో పోసి, చిక్కబడి గరిటె గీత పైన నిలిచేదాకా కలుపుతూనే ఉండాలి. మొదటిసారి గీత ఇంకా నిలవకముందే అత్తయ్య వచ్చి తలుపు తట్టారు. “కాస్త కాఫీ పెట్టి పోవే, తల దిమ్ముగా ఉంది.”

“రాకండత్తయ్యా. ఇది కాస్టిక్ సోడా. మీద పడితే కాలిపోతుంది. మధ్యలో వదలకూడదు కూడా.”

ఇన్నేళ్ళలో ఆవిడ అడిగినదానికి నేను కాదన్నది అదే మొదలు. “అమ్మో, జాగ్రత్త” అంటూ వెనక్కి వెళ్ళిపోయారు. నేను బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, గరిటె తిప్పుతూ, ఎందుకో పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

మా ఇంట్లో తలుపులకు కొదవేం లేదు. మీటింగుందని ఆయన వేసుకుంటారు, చదువుకోవాలని పాప వేసుకుంటుంది, మధ్యాహ్నం కునుకు తీయడానికి అత్తయ్య వేసుకుంటారు. ఆ మూడు తలుపుల బయట పప్పు డబ్బా ఎక్కడుందో, కరెంటు బిల్లు ఎక్కడుందో చెప్పడానికి నేనుంటాను. స్నానాల గదిలో దూరినా, “అమ్మా, నా చార్జరు?” అని వినపడుతుంది. ఆఫీసులోనూ అంతే. “మీది నవ్వుమొహం, మీరు ముందు కూర్చోండి” అని మేనేజరు నన్ను గుమ్మానికెదురుగా కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళు నా బల్ల మీద మోచేతులు ఆనించి టాయిలెట్ ఎటని అడుగుతారు. నా నవ్వుమొహం వాళ్ళకు దారి చూపిస్తుంది.

అందుకే ఆదివారం మధ్యాహ్నాలు నా ప్రాణమైపోయాయి. చేయి తిరిగాక సబ్బు తొందరగానే అయిపోయేది. అయినా బయటికి వచ్చేదాన్ని కాదు. అచ్చులో పోసి, తువ్వాలు కప్పి, ఊరికే కూర్చునేదాన్ని. కిటికీలోంచి వెనకింటి తీగ మీద ఆరేసిన దుప్పటి కనపడేది. గొప్ప ఆలోచనలేం వచ్చేవి కావు. ఎవరూ పిలవరని తెలిసి కూర్చోవడం ఎలా ఉంటుందో చూసుకునేదాన్ని, అంతే. పాప మొహం ఎప్పుడో తేటపడింది. అలమరా నిండా సబ్బులు. “ఊరందరికీ స్నానాలు చేయిస్తావా ఏంటోయ్?” అని ఆయన వేళాకోళమాడేవారు.

ఒక శనివారం ఆయన చేతిలో పెద్ద పొట్లంతో వచ్చారు. “విప్పి చూడు. రెడీమేడ్ సబ్బు దిమ్మ. ముక్కలు కోసి, కరిగించి, పోసుకోవడమే. ఆ గదిలో తలుపేసుకుని ఒక్కదానివే ఆ విషంతో అవస్థపడక్కర్లేదు. హాయిగా హాల్లో మా మధ్య కూర్చుని చేసుకో. ఆ కాస్టిక్ సోడా డబ్బా ప్లంబరుకిచ్చేశాను, కాలవలకు వాడుకుంటాడట.”

“నీ గురించి ఎంత ఆలోచిస్తాడో చూడు” అన్నారు అత్తయ్య.

నిజమే. ఎక్కడెక్కడో వెతికి తెచ్చారు. అదే నన్ను కాల్చుకు తింది. మనిషి చెడ్డవాడైతే నాలుగు మాటలని ఊరుకుందును. ప్రేమగా తెచ్చినదాన్ని పట్టుకుని, నా తలుపు పీకేశారని ఏమని ఏడవను? “బాగుందండీ” అన్నాను.

మర్నాడు హాల్లో కరిగించాం. పావుగంటలో అయిపోయింది. పాప రెండు సబ్బులు పోసి, విసుగొచ్చి, గదిలోకి పోయి తలుపేసుకుంది. ఆయనకు ఫోనొచ్చింది. బల్ల మీద గడ్డకట్టిన మరకలు నేను గోకుతుంటే, “చేతులు ఖాళీ అయ్యాయిగా, కాఫీ పెట్టు” అన్నారు అత్తయ్య.

ఆ వారమంతా నాకు కాలు నిలవలేదు. పెట్టిన చోట ఏదీ కనపడలేదు, పాలు పొంగించాను, ఆఫీసులో టాయిలెట్ అడిగిన పెద్దాయన్ని మేనేజరు గదిలోకి పంపించాను. శనివారం హార్డువేరు దుకాణానికి వెళ్ళి కాస్టిక్ సోడా ఇవ్వమన్నాను. కుర్చీలో కూర్చున్న దుకాణం ఆవిడ డబ్బా నా చేతికిస్తూ, “దేనికమ్మా?” అంది. నా నోట సబ్బు అనే మాట రాలేదు. నా ఇంట్లో నేను కాసేపు కూర్చోడానికి నాకు విషం అడ్డం కావాలా అనిపించి ఒళ్ళు మండిపోయింది. “వద్దులెండి” అని డబ్బా అక్కడే పెట్టేసి వచ్చేశాను.

ఆదివారం అన్నాలయ్యాక వెనక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. గిన్నె లేదు, నూనె లేదు, చేతులకు తొడుగులూ లేవు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను. బయట అత్తయ్య పిలిచారు, పాప పిలిచింది. తర్వాత ఆయన వచ్చి తలుపు తట్టారు.

“ఏం చేస్తున్నావు?”

“ఏం చేయట్లేదండీ.”

“మేమేమైనా అన్నామా?”

“లేదు.”

ఆయన తలుపుకి దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి, “తలనొప్పా?” అన్నారు.

అవునంటే చాలు. మాత్ర తెచ్చిచ్చి, అత్తయ్యను ఊరుకోబెట్టి, సాయంత్రందాకా నా జోలికి ఎవరినీ రానివ్వరు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

“తలనొప్పేం లేదు. ఒక్కదాన్నే కూర్చోవాలని కూర్చున్నాను. నాకు రావాలనిపించినప్పుడు వస్తాను” అన్నాను.