తిరగేసిన సంచి

నేను ఒక జనపనార సంచిని. కాస్త దగ్గరికి వచ్చి వినండి, గొంతు పెంచి చెప్పే ఓపిక లేదు. ఒక పిడి తెగింది, రెండోది ఇవాళో రేపో అన్నట్టుంది. మిల్లులో నారగా ఉన్నప్పుడు ఏ బియ్యమో మోస్తాననుకున్నాను. అదే జరిగి ఉంటే ఒళ్ళు మాత్రమే అలిసేది. నా రాత మరోలా ఉంది. నన్ను కుట్టి, ఎదురు రొమ్ము మీద నీలం రంగులో అచ్చు వేశారు: "భావ ప్రకటనా స్వేచ్ఛ: న్యాయాధికారులకు, ప్రాసిక్యూటర్లకు మూడు రోజుల శిక్షణ". పొట్టలో ఒక లావుపాటి పుస్తకం, పెన్ను, నీళ్ళ సీసా కుక్కి, చల్లటి హాల్లో కుర్చీకి తగిలించారు.

ఆ కుర్చీలో హిమజ గారు కూర్చున్నారు. మా వైపు ఒక చిన్న పట్టణంలో మేజిస్ట్రేటు. ఉద్యోగానికి కొత్త, భయం ఎక్కువ, మనసు మంచిది. పక్కన అప్పలనరసయ్య గారు. అదే కోర్టులో సర్కారు తరఫున ఏళ్ళ తరబడి వాదిస్తున్న మనిషి.

పాఠం చెప్పింది రిటైరైన ఒక పెద్ద జడ్జి గారు. "పదవిలో ఉన్నవాణ్ణి నిలదీయడం నేరం కాదు. మాట ఘాటుగా ఉందని మనిషిని జైల్లో వెయ్యకండి. ఇలాంటి చిన్న కేసుల్లో అరెస్టు ఎందుకు చేశారని పోలీసుల్ని అడగండి. సరైన కారణం లేకపోతే రిమాండ్ ఇవ్వకండి" అని ఆయన విసుగు లేకుండా చెప్పారు. తరవాత ఉత్తుత్తి కోర్టు పెట్టారు. ఎవడో ఒకడు ఒక అధికారిని నలుగురిలో కడిగేశాడు, పోలీసులు పట్టుకొచ్చారు, ఇదీ కథ. అప్పలనరసయ్య గారిని ముద్దాయి తరఫున మాట్లాడమన్నారు. జీవితమంతా ముద్దాయికి ఎదురు నిలబడ్డ ఆయన ఆ రోజు ఎంత బాగా వాదించారో చెప్పలేను. జడ్జిగా కూర్చున్న హిమజ గారు ముద్దాయిని వదిలేశారు. హాలంతా చప్పట్లు. నేనూ ఉబ్బిపోయాను. పుస్తకం లోపలే ఉంది కనుక ఎవరికీ తెలియలేదు.

చివర్లో శిక్షణ ఎలా ఉందో రాయమంటే, అందరూ భోజనం బాగుందనీ ఏసీ ఎక్కువైందనీ రాశారు.

ఊరికి వచ్చాక నన్ను కోర్టులో ఆవిడ గదిలో మేకుకు తగిలించారు. పుస్తకం నాలోనే ఉండిపోయింది. దాన్ని మోసీ మోసీ నా అడుగు కుట్లు సాగాయి గానీ ఆవిడ ఒక్క పేజీ తిప్పింది లేదు. పాపం, తీరిక ఏదీ?

వేసవిలో ఒక శనివారం సాయంత్రం ఆ గదిలోకి దాలమ్మను తెచ్చారు. జాకెట్లు కుట్టుకునే మనిషి. వాళ్ళ వీధి కుళాయిలో ఎర్రనీళ్ళు వస్తున్నాయి. వార్డు సభలో మైకు అందుకుని, గ్లాసుడు నీళ్ళు మున్సిపల్ ఛైర్మన్ ముందు పెట్టి, "ముందు నువ్వు తాగు బాబూ, తరవాత నాను తాగుతాను" అందట. అది ఎవరో ఫోనులో తీస్తే ఊరంతా చూసి నవ్వింది. ఛైర్మన్‌ది ఒక కులం, దాలమ్మది ఒక కులం. అంచేత కులాల మధ్య చిచ్చు పెట్టిందని కేసు కట్టారు. ఎర్రనీళ్ళ ఊసు కేసులో లేదు.

"మేడం, ఛైర్మన్ గారి మనుషులు బయట కాసుకున్నారు. వదిలేస్తే ఊళ్ళో గొడవలౌతాయండి" అన్నారు అప్పలనరసయ్య గారు. హాల్లో మోగిన గొంతే అది. నాకు ఒళ్ళు మండింది.

హిమజ గారు దాలమ్మను అడిగారు. "పోలీసులు కొట్టారా అమ్మా?"

"కొట్టనేదమ్మా. నీల్లు గురించి అడిగినాను, అంతే. మా గుంటడికి ఒకటే వాంతులు. అడగడం తప్పేటమ్మా?"

కొట్టలేదని రాసుకున్నారు. దాలమ్మ అడిగింది మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు. ఆమెను వరండాలోకి పంపాక హిమజ గారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, అప్పలనరసయ్య గారి వైపు తిరిగారు.

"సార్, ట్రైనింగులో మీరు వాదించింది ఇదే కదా?"

"అది హాలు, ఇది ఊరండి. పోయినేడు పక్క కోర్టు ఆయన ఇలాగే ఒకణ్ణి వదిలేస్తే, డబ్బు తిన్నాడని ఆకాశరామన్న ఉత్తరం పడేశారు. ఆయన ఇప్పటికీ సంజాయిషీలు రాసుకుంటున్నాడు. మీకెందుకండి, పై కోర్టు చూసుకుంటుంది."

మాటలు కోటలు దాటుతాయి గానీ కాళ్ళు గడప దాటవు. ఆవిడ రిమాండ్ మీద సంతకం పెట్టారు.

బయట దాలమ్మ మొగుడు సన్యాసి పెళ్ళాం బట్టలు పట్టుకుని నిలబడ్డాడు. చిరిగిన ప్లాస్టిక్ కవరులోంచి చీర కొంగు జారి నేలమీద పడింది. అది చూసి హిమజ గారికి మనసాగలేదు. గబగబా నాలోంచి పుస్తకం తీసి బల్లమీద పెట్టి, "ఈ సంచి అతనికివ్వండి" అన్నారు. సన్యాసి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. మనుషులు ఇంతే. ఇవ్వాల్సింది ఇవ్వడానికి చెయ్యాడదు, ఇవ్వగలిగింది ఇచ్చి తేలికపడతారు.

జైలు గేటు దగ్గర జవాను నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రాతలున్న సంచి లోపలికెల్లదు. తిరగెయ్."

సన్యాసికి చదువు రాదు. ఏం రాసుందని కూడా అడగలేదు. నన్ను నేలమీద పరిచి లోపలిది బయటికి తిప్పాడు. నా అక్షరాలు దాలమ్మ చీరలకు ఆనుకుని లోపలికి వెళ్ళాయి. రాత్రిళ్ళు ఆమె నన్ను తలకింద పెట్టుకుని పిల్లాడి పేరు తలుచుకునేది. సభలో మైకు అందుకున్న మనిషి అక్కడ మంచినీళ్ళు అడగడానికి కూడా సందేహించేది.

పై కోర్టు చూసుకుంది, అబద్ధమాడకూడదు. కోర్టు వేసవి సెలవులన్నీ అయ్యాక బెయిలిచ్చారు. ఆమెను అరెస్టు చేయనే అక్కర్లేదని రాశారట. చక్కటి తీర్పని దాలమ్మ తరఫు వకీలు మెచ్చుకున్నాడు. ఈలోగా పెళ్ళిళ్ళ కుట్టుబట్టలు వేరే వీధికి పోయాయి. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడల్లా దాలమ్మ మిషన్ మూసి కోర్టుకు వెళ్ళొస్తుంది. నన్ను గుడ్డపీలికలతో నింపి మిషన్ పక్కన పెట్టింది. ఎవరూ మళ్ళీ తిరగెయ్యలేదు, నేనూ కోరుకోలేదు.

ఈ వేసవికీ ఎర్రనీళ్ళే. నిన్న మళ్ళీ వార్డు సభ. పక్కింటి నూకాలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"దాలమ్మప్పా, నువ్వు రాకపోతే అడిగేవోలు ఎవులున్నారే?"

"నాను రాను. మీరెల్లండి."

కాసేపటికి వీధి చివర నుంచి మైకు వినిపించింది. "ఏ సమస్య ఉన్నా భయపడకుండా చెప్పండి. మన ఊళ్ళో ఎవరైనా ఏదైనా మాట్లాడొచ్చు" అంటున్నాడు ఛైర్మన్. దాలమ్మ కాలు మిషన్ మీద ఆగింది. ఆమె పెదవులు కదలడం నేను చూశాను. వీధిలోంచి ఎవరి గొంతూ రాలేదు. "అయితే సమస్యలేవీ లేవన్నమాట, చాలా సంతోషం" అన్నాడు ఛైర్మన్.

దాలమ్మ లేచి, నాలోంచి ఒక తెల్లగుడ్డ తీసి బిందె మూతికి కట్టింది. ఎర్రనీళ్ళు వడకట్టుకుంటూ కూర్చుంది.