హైపోలో పడని ఎత్తిపోతల

మాబున్నీసా రోజు డార్క్ రూములో మొదలవుతుంది. ముందురోజు తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేసిన ఫోటోలు తీసి, చివర్లు ముడుచుకున్నవాటిని పాత పంచాంగాల మధ్య సర్ది, పైన పచ్చడి నూరే పొత్రం ఎత్తి పెడుతుంది. టీ ఆ తర్వాతే. మాచర్ల బస్టాండు వెనక వీధిలో గుల్షన్ స్టూడియో బోర్డు మీద ఉండేది మొగుడు సర్దార్ పేరు. ఫోటో తీసేది అతనే. తీసింది కాగితం మీదికి రావాలంటే మాత్రం ఆమె చేతుల్లోంచి రావాలి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ మందునీళ్ళలో నాని ఆమె గోళ్ళు గోధుమరంగుకి తిరిగిపోయాయి. గోరింటాకు పెట్టుకున్నా ఆ గోళ్ళ మీద పండదు. ఆమె పెట్టుకోవడం మానేసింది.

సర్దార్ మంచి పనివాడే. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజులు, ఏది అడిగితే అది తీస్తాడు. మనసు మాత్రం వాటి మీద ఉండదు. నాలుగు చినుకులు పడ్డాయంటే కెమెరా సంచి భుజానికి తగిలించుకుని ఎత్తిపోతల జలపాతానికి బస్సెక్కుతాడు. ఎత్తిపోతల కాకపోతే కొండవీడు. కొండలు, కొండల మీద పాకే మబ్బునీడలు, లోయలోకి దూకే నీళ్ళు. ఇంట్లో ట్రంకుపెట్టె నిండా అవే. కొన్నవాడు ఒక్కడు లేడు.

"పెళ్ళికూతురు ఫోటోకి కూర్చుంటే మన పొయ్యి వెలుగుద్ది. నీ కొండ కూర్చుంటే ఏమొస్తదయ్యా?" అనేది మాబున్నీసా.

"కొండ కదలకుండా కూర్చుంటది. మేనమామని పిలవమని అలగదు," అనేవాడు సర్దార్.

కొండలు బాగానే వచ్చేవి. చిక్కంతా నీళ్ళతోనే. ఎన్నిసార్లు తీసినా, ఏ పక్కనుంచి తీసినా, ఫోటోలో ఎత్తిపోతల మాత్రం కొండమీంచి ఎవరో తెల్లపంచె ఆరేసినట్టే ఉండేది. ఎదురింటి అంజమ్మ ఒకసారి చూసి, "ఎవరిదయ్యా ఈ పంచె, చానా పొడుగుంది," అంది. సర్దార్ రెండురోజులు సరిగా అన్నం తినలేదు. అంజమ్మ అన్నది నిజమని అతనికీ తెలుసు.

అది ఊళ్ళోకి కలర్ ఫోటోలు వస్తున్న కాలం. పెళ్ళివాళ్ళు కలరే కావాలంటున్నారు. రీలు గుంటూరు పంపితే అక్కడి ల్యాబులో కడిగి, వేసి పంపేస్తారు. నలుపు తెలుపు డార్క్ రూముతో ఎవరికీ పనిలేదు. ఒకరోజు మాబున్నీసా అన్న జాన్ సాహెబ్ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతనికి ఊరి చివర నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది.

"వచ్చే వానాకాలం దాకా చూడు సర్దారూ. అప్పటికీ ఇట్నే ఉంటే దీనికి తాళమేసి నాకాడికి రా. మిషన్ మీద నిలబడితే చాలు, నెలకింత అని జీతం."

సర్దార్ తలూపాడు. మాబున్నీసా ఊపలేదు. ఆ మిషన్ల మీద నిలబడినవాళ్ళు రాతిపొడి మింగి మింగి, తలలో తెల్లవెంట్రుక రాకముందే ముసలాళ్ళలా దగ్గడం ఆమె చూసింది. సర్దార్‌కి అసలే చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. అయినా ఎదురు చెప్పడానికి ఆమె దగ్గర వేరే దారి లేదు.

ఆ భాద్రపదంలో చంద్రవంక పొంగింది. మాచర్ల పక్కనుంచి పోయే ఆ వాగే కిందికి పోయి ఎత్తిపోతల దగ్గర లోయలోకి దూకుతుంది. సర్దార్ నెత్తిన గోనెసంచి కప్పుకుని పోయి, తడిసి ముద్దై, ఒక రీలు తీసుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే రొంపిచెర్ల సాంబశివరావు గారింటి పెళ్ళి ఫోటోలు అర్జెంటుగా ఇవ్వాల్సి వచ్చింది. నలుపు తెలుపే చాలన్న ఆఖరి పెద్దింటి పెళ్ళి అది.

ఫోటో కాగితానికి మూడు స్నానాలు. మొదటి ట్రేలో బొమ్మ తేలుతుంది. రెండో ట్రేలో హైపో మందు ఉంటుంది. అందులో పడితేనే బొమ్మ ఆగుతుంది. పడకపోతే వెలుతురు తగిలిన మరుక్షణం నల్లబడుతుంది. అందుకే అప్పటిదాకా ఎర్రబల్బు తప్ప ఇంకేదీ వెలగనివ్వరు. చివరికి మంచినీళ్ళలో కడిగి ఆరేస్తారు. మాబున్నీసా ఎత్తిపోతలని మొదటి ట్రేలోంచి తీసేసరికి, హైపో ట్రేలో పెళ్ళికూతురూ ఆమె మేనమామలూ ఒకరిమీద ఒకరు పడి ఉన్నారు. చోటు లేదు. కాసేపే కదా అని దాన్ని నీళ్ళ బకెట్లో వేసింది. వేసి మరిచిపోయింది. తర్వాత పెళ్ళివాళ్ళతోపాటు దాన్ని కూడా తాడుకి తగిలించింది.

మర్నాడు పెళ్ళివాళ్ళంతా ఆరారు. ఎత్తిపోతల ఆరలేదు. కింద నేలంతా తడి.

"ఏమయ్యా, నీ ఎత్తిపోతల ఇంకా కారుతోంది," అని పిలిచింది.

సర్దార్ వచ్చి చూశాడు. ఎర్రబల్బు వెలుగులో నీళ్ళు కొండమీంచి దూకుతున్నాయి. దూకి, రాళ్ళ మీద చిట్లి, ఫోటో కింది అంచు దాటి సన్నటి ధారగా గది నేల మీద పడుతున్నాయి. పంచె జాడ లేదు.

"హైపోలో వేశావా?" అన్నాడు.

"చోటు లేక వెయ్యలా. మర్చిపోయా."

"అదీ సంగతి," అన్నాడు సర్దార్. హైపోలో పడని బొమ్మ ఆగదని ఫోటో పని తెలిసినవాళ్ళెవరికైనా తెలుసు.

అదే నెగెటివ్ నుంచి ఇంకో రెండు కాపీలు వేశాడు. పద్ధతిగా హైపోలో ముంచాడు. రెండూ పంచెలే అయ్యాయి. కారుతున్న ఫోటోనే మళ్ళీ ఫోటో తీద్దామని కెమెరా పెడితే, తుంపర పడి కెమెరా అద్దం మసకబడింది, పక్కన పెట్టిన నెగెటివ్ కూడా నాని పాడైంది. వదిలేశాడు. మాబున్నీసా దాని కింద బకెట్ పెట్టింది. వానాకాలం కాబట్టి ఆ నీళ్ళతో ఎవరికీ అవసరం లేదు. పూటపూటా పారబొయ్యడం ఆమెకి ఇంకో చాకిరీ అయింది.

ఎండాకాలం వచ్చాక సంగతి మారింది. చంద్రవంకలో చెలమలు తవ్వినా చెంబుడు నీళ్ళు ఊరడం లేదు. వీధి చివర బోరింగు గాలి కొడుతోంది. మొదట అంజమ్మ ఒక బిందె పట్టుకొచ్చింది. తర్వాత వీధంతా వచ్చింది. మాబున్నీసా ఒకటే నియమం పెట్టింది. వీధి తలుపు వేశాకే డార్క్ రూము తెర తియ్యాలి. వెలుతురు పడిందా, బొమ్మ నల్లబడుతుంది, అందరి బిందెలూ బోర్లించుకోవాల్సిందే. ఆడవాళ్ళు ఆ నియమం మసీదులో చెప్పులు విడిచినంత శ్రద్ధగా పాటించారు. ఎర్రవెలుగులో బిందెలతో వరసగా నిలబడి, మొహాల మీద తుంపర పడుతుంటే మాటలు తగ్గించి కొండవైపు చూసేవాళ్ళు. వాళ్ళలో ఎత్తిపోతల చూసినవాళ్ళు తక్కువ. మాబున్నీసా కూడా చూడలేదు. అంత దగ్గరే, కానీ స్టూడియోలో ఎవరుంటారు?

"నీళ్ళు బాగున్నయ్ మాబూ, పప్పు తొందరగా ఉడుకుతోంది. కాకపోతే ఆకులొస్తున్నయ్," అంది అంజమ్మ.

"గుడ్డకట్టి పట్టుకో వదినా. కొండని ఊడ్చి పెట్టాలా నీకు?"

"నిన్న చేపపిల్ల కూడా వచ్చింది."

"అది మీ ఆయనకి వేపి పెట్టు."

మే నెలలో పేపర్లో ఒక ప్రకటన పడింది. గుంటూరులో టూరిజం శాఖ వాళ్ళు పెట్టే కొండలు, అడవులు, జలపాతాల ఫోటోల ప్రదర్శన. పల్నాటి ఫోటోలు బాగా తెచ్చినవాళ్ళలో ఒకరిని ఎత్తిపోతల దగ్గర, చూడ్డానికొచ్చేవాళ్ళకి ఫోటోలు తీసే పనికి పెట్టుకుంటారట. ఉండడానికి ఇల్లు, నల్లా, ఒక డార్క్ రూము. సర్దార్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని తిరిగాడు. పంపాలంటే ఒక్క ఫోటోనే ఉంది. దాన్ని వెలుతుర్లోకి తేవాలంటే హైపోలో ముంచాలి.

"ముంచితే ఆగిపోద్ది. ఆగినాక అది కూడా పంచె అయితే?" అన్నాడు మాబున్నీసాతో. "అటు ఉద్యోగమూ పోయె, ఇటు వీధికి నీళ్ళూ పోయె."

జాన్ సాహెబ్‌కి ఈ బెంగలేం లేవు. నీళ్ళ సంగతి విని కారేసుకుని మరీ వచ్చాడు. డార్క్ రూములోకి పోయి, ధార కింద చెయ్యి పెట్టి లావు చూసుకున్నాడు.

"హైపో లేదు, గైపో లేదు. దీన్ని దుప్పట్లో చుట్టి ఫ్యాక్టరీకి తెండి. చీకటి షెడ్డు ఒకటి కట్టిస్తా. మిషన్లకి నీళ్ళు లేక సగం పని ఆగిపోయింది. సర్దార్ మిషన్ మీదుంటాడు, వాడి ఎత్తిపోతల వాడి వెనకే ఉంటది. ఇంకేం కావాలి వాడికి?"

సర్దార్ నిండిన బకెట్ తీసి ఖాళీది పెట్టాడు. అతను ఎదురు చెప్పే మనిషి కాదు కాబట్టి, రేపు తలూపేస్తాడని మాబున్నీసాకి అర్థమైంది. ఆమె అన్నకి టీ ఇచ్చి పంపేసి, కొంగు దులుపుకుని అంజమ్మ అరుగు మీదికి పోయింది. మిగతా ఆడవాళ్ళని కూడా పిలిచింది.

"దాచిపెట్టి చెప్పను. ఫోటోని హైపోలో వెయ్యబోతున్నా. వేస్తే నీళ్ళు ఆగిపోతయ్. వెయ్యకపోతే మా ఆయన రాతి మిషన్ మీదికి పోతాడు. ఆయన ఉబ్బసం మీకు తెలుసు. వానలు పడేదాకా ఆగుదామంటే గుంటూరోళ్ళ గడువు ఆగదు."

అంజమ్మ వక్కపలుకు ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చింది.

"ఎప్పుడేస్తావ్?"

"రేపు మధ్యాహ్నం. గుంటూరు బస్సుకి అందాలి."

"రేపు మధ్యాహ్నం దాకా పట్టుకోవచ్చుగా?"

"పట్టుకోండి. ఇంట్లో బొక్కపడని గిన్నె ఏదున్నా తెచ్చుకోండి."

"అయితే ఇంక కూర్చున్నారేందే, లేవండి!" అని అంజమ్మ వీధి మీద కేకేసింది. "లారీ నీళ్ళ కాడ జుట్లు పట్టుకోవడం మనకి కొత్తా? ఆ కొట్టుకునేదేందో ఎల్లుండి కొట్టుకుందాం."

తెల్లారేసరికి వీధిలో ఉన్న పాత్రలన్నీ బయటికొచ్చాయి. బిందెలు, గంగాళాలు, కాగులు, వడ్లు పోసుకునే డ్రమ్ములు, పసిపిల్లకి నీళ్ళుపోసే బేసిన్లు. ఒకామె పెళ్ళికి ఇచ్చిన ఇత్తడి కూజాలు అటకమీంచి దింపి తోమి మరీ తెచ్చింది. వరస డార్క్ రూములోంచి స్టూడియోలోకీ, అక్కడి నుంచి వెనక గుమ్మం దాకా సాగింది. ఎవరూ తోసుకోలేదు. చివరి బిందె మాబున్నీసాదే. అది నిండాక తన చేతులతోనే ఫోటోని తాడు మీంచి దింపింది. అది బరువుగా, జీవమున్న చేపలా చేతిలో కొట్టుకుంది. సర్దార్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"చూడలేకపోతే బయటికి పో," అంది మాబున్నీసా. అతను పోలేదు.

హైపో ట్రేలో వేసి, రెండు చేతులా అదిమి పట్టింది. కాసేపు ట్రేలో సుడి తిరిగింది. తర్వాత చప్పుడు ఆగింది. అన్ని నెలలుగా ఆ చప్పుడుకి అలవాటుపడ్డ ఇల్లు ఒక్కసారి బోసిపోయింది.

కడిగి, బయటికి తెచ్చి, ఎండలో పెట్టి చూశారు. నీళ్ళు ఆగాయి. ఆగినా దూకుతున్నట్టే ఉన్నాయి. పంచె కాలేదు. ఎందుకు కాలేదో ముందు కనిపెట్టింది అంజమ్మ.

"ఇదిగో నేను," అని వేలు పెట్టి చూపించింది.

జలపాతం అడుగున, రాళ్ళ మీద, ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. చంకల్లో బిందెలు, నెత్తిన కూజాలు, కొంగులు తడిసి ఒంటికి అంటుకుని. వాళ్ళు అంత చిన్నగా ఉండబట్టి కొండ ఎంత ఎత్తో తెలుస్తోంది. వాళ్ళు అలా తలలెత్తి చూస్తుండబట్టి నీళ్ళు ఎక్కణ్ణుంచి పడుతున్నాయో తెలుస్తోంది. వరస కొసన, ధారకి అందరికన్నా దగ్గరగా, మాబున్నీసా.

"నా మొహం సగమే పడింది," అంది అంజమ్మ.

"పడ్డ సగం బాగానే ఉంది. జరుగు, ఆరాలి."

సర్దార్ దాన్ని పంచాంగం మధ్య పెట్టుకుని గుంటూరు పోయాడు. అక్కడి పెద్దమనుషులు దాని ముందు చాలాసేపు నిలబడ్డారట. ఈ ఆడవాళ్ళని ఇంత పొందిగ్గా ఎవరు నిలబెట్టారయ్యా అని అడిగారట. నీటెద్దడి అండీ అన్నాడట సర్దార్. ఫోటో వాళ్ళ గోడకి ఉండిపోయింది. శ్రావణంలో ఎత్తిపోతల దగ్గర చేరమని అతనికి కబురొచ్చింది. జాన్ సాహెబ్ ఒక వారం మాట్లాడలేదు. వానలు పడి అతని బావి నిండాక మాట్లాడాడు.

సామాను లారీకెక్కించి, ట్రేలు మాత్రం ఒళ్ళో పెట్టుకుని, మాబున్నీసా మొదటిసారి ఎత్తిపోతల బస్సెక్కింది. దిగి, సర్దార్ కొత్తింటి తాళాలు తీసేలోపు చప్పుడు వినపడే వైపు నడిచింది. లోయ అంచున కంచె దగ్గర కాపలా మనిషి యల్లమంద బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. ఆమె అతన్నెప్పుడూ చూడలేదు. అతను ఆమెని చూసి, బీడీ పక్కకి తీసి, లేచి దారి ఇచ్చాడు.

"ఏందక్కా, ఎండలనాడు రోజూ వచ్చిందానివి, ఈ మధ్య కనపడ్డమే మానేశావ్? ఇయ్యాళ బిందె తేలేదా?"

మాబున్నీసా తన ఖాళీ చేతుల వంక చూసుకుంది.

"లేదు తమ్ముడూ. ఇయ్యాళ ఊరికే చూద్దామని వచ్చా," అని కంచె దగ్గరికి పోయి, మొహం మీద తుంపర పడనిచ్చింది.