మీ ఆవిడ జైలరమ్మంట గదా

ఈశ్వర్ జైలు వార్డర్ ఉద్యోగం మీద ఆశ పెట్టుకుని నాలుగేళ్లయింది. గజపతినగరం దగ్గర పల్లెలో కాస్త వరిపొలం, మెట్ట మీద చోడి చేను ఉన్న ఇల్లు వాళ్లది. పొద్దున్నే లేచి రోడ్డు వెంట పరిగెత్తేవాడు. పెళ్లయ్యాక ఒక్కడూ పరిగెత్తడానికి బద్ధకమేసి, భార్య అనూరాధను తోడు రమ్మన్నది తనే. ఆమె అతని మేనమామ కూతురు. మొదట్లో చీర కుచ్చిళ్లు దోపుకుని వెనకాల నడిచింది. తర్వాత అతని పాత ప్యాంటు తొడుక్కుని పక్కన పరిగెత్తింది. ఉద్యోగాల ప్రకటన పడ్డప్పుడు, "నువ్వూ పెట్టీ దరకాస్తు, పోయిందేటుంది?" అని నవ్వినదీ తనే.

ఉద్యోగం అనూరాధకి వచ్చింది. ఈశ్వర్ పరుగులో నెగ్గి, లాంగ్‌జంప్‌లో మూడుసార్లూ గీత తొక్కేశాడు. వచ్చేసారికి వయసు దాటిపోతుంది.

"మీ ఆవిడ జైలరమ్మంట గదా!" అని టీకొట్టు దగ్గర కూర్మయ్య పలకరిస్తే పైకి నవ్వేవాడు గాని, టీ సగంలోనే వదిలేసేవాడు. జైలరు వేరు, వార్డరు వేరు అని చెబుదామనుకునేవాడు. చెబితే ఆమె మీద ఏడుస్తున్నాడనుకుంటారని మానేసేవాడు. ఏడుస్తున్న మాట నిజమే.

విజయనగరం శివార్లలో శిక్షణ. ఆదివారం ఇంటివాళ్లు వెళ్లి చూడొచ్చు. తల్లి లక్ష్మణమ్మ నువ్వుండలు కట్టి, కొడుకును బలవంతాన బయల్దేరదీసింది.

అనూరాధ ఖాకీలో వచ్చింది. జుట్టు బిగించి ముడేసుకుంది. నడకే మారిపోయింది. చెట్టు కింద కూర్చుని అత్తకి ఒకటే కబుర్లు: సాయంత్రం గదులకి తాళాలేసే ముందు ఖైదీల్ని ఎలా లెక్కపెట్టాలో, దుప్పట్లు విదిల్చి ఎలా సోదా చెయ్యాలో. మహిళల జైలుకి తీసుకెళ్లినప్పుడు, కొత్తగా వచ్చిన ఒకామె చంటిపిల్లని ఎత్తుకుని ఏడుస్తుంటే తనకేం చెయ్యాలో తోచలేదని చెప్పి ఆగిపోయింది.

ఆ నియమాలన్నీ ఈశ్వర్‌కి కంఠతా వచ్చు. నాలుగేళ్లు చదివాడు. ఇప్పుడవి ఆమె నోట సొంత ఇంటి సంగతుల్లా వస్తున్నాయి.

ఇంతలో తాయారని, ఆమెతో శిక్షణలో ఉన్న పిల్ల వచ్చి, "అన్నా, కవాతులో మా అందరికీ ముందు నడిసేది మీ ఆవిడే!" అంది.

"తాళాలేసే ఉద్యోగానికి ఇంత గొప్పేటి?" అన్నాడు ఈశ్వర్.

అనూరాధ మొహం వాడిపోయింది. లక్ష్మణమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఆ తాళాల కోసవేఁ గదరా నాలుగేళ్లు రోడ్డట్టుకుని తిరిగినావు!" అంది.

ఆ వారమే అనూరాధ ఫోన్ చేసింది. "బావా, రేపు మాకు తుపాకీ ఇస్తారు. నానే పేలుస్తాను!"

తుపాకీ. ఆ రాత్రి అతనికి కునుకు లేదు. తెల్లారగానే ఫోన్ తీసి, "అమ్మకి గుండెల్లో నొప్పొచ్చింది. బేగి వచ్చీ," అన్నాడు. ఫైరింగ్‌కి రానివాళ్లు తర్వాతి బ్యాచ్‌తో శిక్షణ మళ్లీ మొదలెట్టాలని అతనికి తెలుసు.

ఆ రోజు వానపడి ఫైరింగ్ మర్నాటికి వాయిదా పడింది. సాయంత్రం హాజరుకి రాకపోతే మర్నాడు ఫైరింగ్‌కి రానివ్వమని చెప్పి అనూరాధకి సెలవిచ్చారు. ఆమె పరుగున వాకిట్లోకి వచ్చేసరికి లక్ష్మణమ్మ అరుగు మీద ఉలవలు చెరుగుతోంది.

"అత్తా! నీకు గుండె నొప్పని..."

"నాకా? నన్ను బతికుండగానే పాడెక్కించీసినాడేటే ఈడు!" చేట పక్కన పడేసి లేచింది లక్ష్మణమ్మ.

అనూరాధ మొగుడి వైపు తిరిగింది. "ఎందుకు బావా?"

ఈశ్వర్ వంగి చేట ఎత్తి అరుగు మీద పెట్టాడు. "నీ మీద ఏడుస్తన్నానే," అన్నాడు. "తుపాకీ అనేసరికి ఓపలేకపోయినాను."

"నువ్వు గీత తొక్కిన నాడు నానూ ఏడిసినాను. గ్రౌండు బయట కూకుని ఏడిసినాను. నీ కోసం ఏడిసినాను బావా, నీ మీద కాదు." అంటూనే బయటికి నడిచింది.

"బస్సు ఎల్లిపోయుంటాది. బండి తియ్యరా!" అని అరిచింది లక్ష్మణమ్మ.

దారిలో రైలుగేటు వేసి ఉంది. గూడ్సు బండి నడుస్తోంది. పెట్టె వెనక పెట్టె. ఈ బండి ఇలా తెగకుండా నడుస్తూనే ఉంటే బాగుణ్ణు, హాజరు వేళ దాటిపోతుంది, అనుకున్నాడు ఈశ్వర్. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ కోరిక పోలేదు.

గేటు లేచింది గాని అటూ ఇటూ లారీలు అడ్డం పడ్డాయి. అనూరాధ బండి దిగేసింది. లారీల సందుల్లోంచి దూరి రోడ్డెక్కి పరుగు లంకించుకుంది. అతను అక్కడే ఉండిపోవచ్చు. లారీలు అడ్డమొచ్చాయంటే ఎవరూ కాదనరు. ఖాకీ చొక్కా దూరమవుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత బండిని రోడ్డు పక్క బురదలోకి దింపి, తోసుకుంటూ, జారుతూ, లారీలు దాటించాడు. ఆమెను అందుకునేసరికి మోకాళ్ల దాకా బురద.

"ఎక్కు," అన్నాడు.

ఆమె రొప్పుతూ ఎక్కింది. హాజరు పిలుస్తుండగా శిక్షణ కేంద్రం గేటు లోపల పడింది.

మర్నాడు ఆమె ఫోన్ చెయ్యలేదు. సాయంత్రం దాకా చూసి ఈశ్వరే చేశాడు.

"ఎన్ని తగిలినాయి?"

"ఒకటి తప్ప అన్నీ."

గుండెల్లో భగ్గుమంది. "బాగుంది," అన్నాడు.

"ఇంకా మంటగానే ఉన్నాదా బావా?"

"ఉన్నాదే."

"సరే. ఈసారి అబద్ధం ఆడనేదు గదా," అంది అనూరాధ. "అన్నం తిన్నావా?"