వట్రసుడి

“నీళ్ళు చల్లమంటే వరద తెస్తావేంటే!” అని మేస్త్రి తన భార్యను కసిరాడు. నల్లరాతి పలక మీద దుమ్ము అణగడానికి ఆమె చెంబుతో నీళ్ళు చల్లుతోంది. నిజానికి ఎక్కువేమీ పడలేదు. తక్కువ పడి ఉంటే అందుకూ కసిరేవాడు.

వీధిలో ఆయన్ని వంకల మేస్త్రి అనేవారు. రాతి మీద అక్షరాలు చెక్కడం ఆయన పని. సమాధులకు పేర్లు చెక్కేవాడు, గుమ్మాలకు ఇంటిపేర్లు చెక్కేవాడు. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది. కనుబొమల్లో ఎప్పుడూ రాతిపొడి ఉండేది. పొద్దుటి నుంచీ ఛాతీ పట్టేసినట్టుంది. అదీ భార్య పెట్టిన టీ వల్లేనని తేల్చేశాడు.

ఇంతమందికి వంకలు పెట్టే మనిషి తనను తాను మాత్రం వదిలాడా? అదే అసలు విసుగు. చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి లేచి వెళ్తుంటే, ఈయన చివరి బెంచీలో కూర్చుని తన చెప్పుల వంక చూసుకునేవాడు. “నోరు అదుపులోకి వచ్చాక తీసుకుంటా” అనేవాడు. శనివారం రాత్రి ఇక ఎవరినీ తిట్టనని ఒట్టు పెట్టుకునేవాడు. ఆదివారం ఇల్లు దాటకముందే, తాళంచెవి కనబడలేదనో గొడుగు తడిగా ఉందనో, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేవాడు.

“జ్వరం తగ్గాక మందుల షాపుకి వెళ్తానంటావేంటయ్యా?” అని భార్య ఎన్నిసార్లు మొత్తుకుందో. గోడకు చెప్పుకున్నా బీటలు వారేది.

ఆ పలక పాస్టరుగారు చెక్కమన్నది. రేపు ఆదివారం చర్చి గుమ్మం మీద పెట్టాలి. ఉండేది ఒక్కటే మాట, కృప. పొద్దున సుద్దముక్కతో గీస్తుండగా టీ చల్లారిపోయిందని భార్యను కడిగేశాడు. నోరు అటు తిడుతుంటే చెయ్యి ఇటు గీసేసింది. మధ్యాహ్నం దాకా ఆ గీతల మీదే ఉలి నడిపాడు. లోతు సమానంగా కుదిరింది, అంచులు నున్నగా వచ్చాయి.

“చూడు, ఎక్కడైనా వంక ఉందేమో!” అన్నాడు మురిసిపోతూ.

ఆమె గుడ్డతో తుడిచి చూసింది. మళ్ళీ చూసింది.

“వట్రసుడి ఏదయ్యా?”

“ఏంటీ?”

“క కింద క్రావడి పెట్టి, పక్కన కొమ్మిచ్చావు. ‘క్రుప’ అయింది.”

ఆయన ముఖం పాలిపోయింది, ఆపైన ఎర్రబడింది. ముందే ఎందుకు చెప్పలేదు, నీ కళ్ళేం చేస్తున్నాయి, అసలు ఆ టీ వేడిగా ఇచ్చి ఉంటే నాకీ ఖర్మ పట్టేదా అంటూ విరుచుకుపడ్డాడు. ఆమె ఓపికా అంతటితో అయిపోయింది.

“ఆడలేక మద్దెల ఓడన్నాడట! చెక్కింది నువ్వు. నా మీద పడి ఏడుస్తావేం?”

పలకను ముక్కలు చేసేద్దామని ఆయన పెద్ద సుత్తి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు లోపలికొచ్చారు. మంచాన పడ్డ ఒక ముసలమ్మకు ఇంటి దగ్గరే ప్రభువు బల్ల ఇచ్చి వస్తున్నారు. భుజాన ఆ రొట్టె, ద్రాక్షరసం పెట్టుకునే చిన్న సంచి ఉంది. పలకను పెదవులు కదుపుతూ చదివి, ఆపుకోలేక నవ్వారు.

“పలికితే ఒకటేగా మేస్త్రిగారూ! ఇదే పెట్టేద్దాం.”

“నవ్వకండయ్యగారూ, ఒళ్ళు మండిపోతోంది! ఈ తప్పుల తడకని దేవుడి గుమ్మానికి పెడతారా?”

“ఆ గుమ్మంలోంచి వచ్చేది మనమేగా? మనలో గుణింతాలన్నీ సరిగ్గా ఉన్నదెవరికి?”

మేస్త్రి చాలాసేపు ఆ అక్షరం వైపే చూశాడు. చెక్కేసిన రాయిని తిరిగి అతికించలేడు. బతుకంతా తనను తాను పగలగొట్టి కొత్తగా చెక్కుకోవాలనే చూశాడు. ప్రతిసారీ అదే నోరు, అదే కోపం బయటపడ్డాయి. ఆయన నిజంగా అలసిపోయాడు. సుత్తి కింద పెట్టాడు.

“ఆ సంచిలో ఇంకేమైనా మిగిలిందా అయ్యగారూ?”

భార్య చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. “ఉండు, చేతులు కడుక్కో. నిండా దుమ్మే.”

“కడుక్కోవడంతోనే బతుకంతా అయిపోయిందే. ఇక నావల్ల కాదు” అన్నాడు. గొంతులో విసుగు పోలేదు గానీ కళ్ళు చెమర్చాయి.

పాస్టరుగారు ఆ పలక మీదే గుడ్డ పరిచారు. ప్రార్థన చేసి, రొట్టెముక్క, చిన్న గాజు గ్లాసులో ద్రాక్షరసం అందించారు. మేస్త్రి తాగి, మొహం చిట్లించాడు. “కొంచెం పులిసింది” అన్నాడు. పాస్టరుగారు మళ్ళీ నవ్వారు. భార్య మాత్రం అటు తిరిగి ఏడ్చింది.

పాస్టరుగారు వెళ్ళాక, “టీ పెట్టు. వేడిగా!” అని మడతమంచం మీద వాలాడు. ఆమె పొగలు కక్కే టీ తెచ్చింది. పిలిస్తే పలకలేదు. భుజం పట్టి కుదిపింది. ఆమె చేతిలో టీ చల్లారిపోతున్నా ఆయన ఏమీ అనలేదు.

మరుసటి వారం పలక అలాగే గుమ్మం మీదికెక్కింది. దాని కింద నిలబడి బడి టీచరమ్మ, “అయ్యో, తప్పు పడిందే!” అంది.

“పడింది తల్లీ, ఉండనీ. వంకలు పెట్టే మనిషిని మొన్ననే సాగనంపాం” అంది మేస్త్రి భార్య.

ఇంటికొచ్చి ఆమె చెంబు కడిగింది, ఉలులు కడిగింది, నేలంతా కడిగింది. కిటికీ గట్టు మీద మాత్రం, పాస్టరుగారు మరిచిపోయిన చిన్న గాజు గ్లాసు, బూడిదరంగు బొటనవేలి ముద్రతో అలాగే ఉంది.