చిలుకమ్మ బ్యాటరీ

కొమురమ్మకు యారాలు చిలుకమ్మ మీద కోపం లేదు. కోపమైతే నాలుగు తిట్లతో తీరేది. ఆమెది కడుపుమంట.

నర్సింహులపేట దగ్గరి పల్లెలో ఇద్దరూ అన్నదమ్ములను చేసుకున్నారు. పెద్దవాడు యాకయ్య కొమురమ్మ మొగుడు, చిన్నవాడు పోశాలు చిలుకమ్మ మొగుడు. ఇద్దరూ దళంలో ఉన్నారు. ఊళ్ళో రజాకార్లు లేని సాయంత్రం దొడ్లోంచి దీపం చూపాలి. అది కనబడితేనే గుట్ట మీది దళం అన్నానికి దిగుతుంది. మొదటినుంచీ ఆ దీపం కొమురమ్మ కందిలే. గాలికి ఆరకుండా కొంగు అడ్డం పెట్టి ఎన్ని వానల్లో నిలబడిందో ఆమెకే తెలుసు.

ఆ ఏడు దళం వాళ్ళు జనగామ నుంచి బ్యాటరీ లైటు తెప్పించి చిలుకమ్మ చేతిలో పెట్టారు. పిల్ల చురుకైనదన్నారు. మీట నొక్కడానికి చురుకుదనం ఎందుకో కొమురమ్మకు అర్థం కాలేదు. కట్టుకున్న యాకయ్య కూడా అన్నం ముందు కూర్చుని, "చిలుకమ్మ లైటు చుక్క పొడిచినట్టు కనవడ్తది" అన్నాడు. మర్నాడు కొమురమ్మ వండిన కూరలో ఉప్పు లేదు.

వెలుగు తగ్గిన సెల్లులను ఎండబెడితే మళ్ళీ బలం వస్తుందని ఊరందరి నమ్మకం. చిలుకమ్మ వాటిని వడియాల్లాగా చాటలో పెట్టి ఎండబెట్టేది. పూర్తిగా చచ్చినవాటిని కూడా పారేయకుండా గూట్లో దాచేది. ఒక మధ్యాహ్నం ఆమె నీళ్ళకు పోగానే కొమురమ్మ చాటలోవి తీసి జొన్నల గుమ్మిలో వేసి, గూట్లోని చచ్చినవాటిని చాటలో పెట్టింది. లైటు వెలగకపోతే దళం ఒక పూట పస్తుంటుంది, అంతే కదా. రేపు మళ్ళీ అందరూ కందిలి దగ్గరికే రావాలి.

చిలుకమ్మ వచ్చి వాటినే లైటులో వేసుకుంది. ఆ సాయంత్రమే రజాకార్లు వచ్చారు. లైటు సంగతి ఎవరు చెప్పారో గాని, తెలిసే వచ్చారు. గడ్డివాము వెనుక తుపాకులతో దాక్కుని చిలుకమ్మను లైటు వెయ్యమన్నారు. ఆమె వెయ్యనంది. చెంప మీద కొట్టి, వాళ్ళే లాక్కుని గుట్ట వైపు నొక్కారు. వెలగలేదు. విప్పి, తిప్పి వేసి చూశారు. ఊళ్ళో ఇంకో బ్యాటరీ లేదు. ఆమెను మళ్ళీ కొట్టి, లైటు ఎత్తుకుపోయారు.

తెల్లవారేసరికి ఊరంతా ఒకటే మాట: రజాకార్లు వస్తారని పసిగట్టి చిలుకమ్మ ముందే చచ్చిన సెల్లులు వేసిందట.

"నేనేం జెయ్యలే. ఎండకు వెట్టినగాని బలమెక్కలే" అంది చిలుకమ్మ. దాంతో ఇంకా పొగిడారు. మార్చింది నేనే అన్న మాట కొమురమ్మ గొంతుదాకా వచ్చింది. ఎందుకు మార్చావంటే ఏం చెబుతుంది? తేలు కుట్టిన దొంగలా ఇంట్లోకి పోయింది.

రజాకార్లు ఊరు విడిచాక దళం కొమురమ్మ కందిలి చూసే వచ్చింది. ఆ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అందరి చూపూ చిలుకమ్మ వాచిన చెంప మీదే. కొమురమ్మకు ఆ వాపు మీద కూడా అసూయ పుట్టింది. వెంటనే సిగ్గు కూడా పుట్టింది గాని, అసూయ పోలేదు.

"చిలుకమ్మ లేకుంటే మేం గీ బువ్వ తినకపోదుము" అన్నాడు యాకయ్య. "నువ్వు గూడ జర నేర్చుకో."

మొగుడు బతికి ఎదురుగా కూర్చుని తింటున్నాడు. ఏడుపొచ్చేంత సంతోషంగా ఉంది కొమురమ్మకు. తన చేత్తో బతికించుకున్న మొగుడు తనకే బుద్ధి చెబుతున్నాడు.

గిన్నెలు తోమేచోట చిలుకమ్మ పక్కన చేరి గొంతు తగ్గించింది. "అక్కా, గూట్లె సచ్చిన సెల్లులు లేవు. నేనెవలకు జెప్పలే. నీ వల్లనే బతికిండ్రని బావకు జెప్పనా?"

"ఒద్దు" అంది కొమురమ్మ.

పేరు దానికే దక్కింది, దెబ్బా దానికే దక్కింది. ఇప్పుడు మంచితనం కూడా దానికే పోయింది. చిలుకమ్మ చేతిలోని గిన్నె లాక్కుని, చేతులు బొబ్బలెక్కేదాకా తనే తోమింది.